అమ్మ చేతికి పట్టే కామ

మూడేళ్ళ కింద సంక్రాంతికి ఊరెళ్తూ మార్కాపురంలో బస్సు దిగినప్పుడు అమ్మకి ఒక చేతిగొడ్డలి కొన్నాను. ఇంట్లో ఉన్నదాని కామ, అంటే చేత్తో పట్టుకునే కర్ర పిడి, విరిగి ఏడాదైంది, మిగిలిన మొండి కర్రతోనే నెట్టుకొస్తోందని ఫోన్‌లో మాటల మధ్య తెలిసింది. కొత్తది చూడటానికి బాగానే ఉంది. ఎర్రటి వార్నిష్ మెరుస్తోంది, కామ లేత్ మీద తిప్పి పైనుంచి కిందదాకా ఒకే లావున, గుండ్రంగా, నున్నగా ఉంది. ఇంటికెళ్ళి అమ్మ చేతికిచ్చాను. రెండుసార్లు ఊపి చూసి "ఏందే ఇది, రోకలి మాదిరుంది" అంది.

కొత్తది కదా, అలవాటవుతుందిలే అన్నాను. నాలుగో రోజు పొద్దున పొయ్యి ముందు కూర్చుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ లేచిన బొబ్బ మీద కొబ్బరినూనె రాసుకుంటోంది. నలభై ఏళ్ళు కంప కొట్టిన చెయ్యి అది. కాయలు కాసి, గట్టిపడి, వేడి గిన్నెని గుడ్డ లేకుండా దించే చెయ్యి. ఆ చేతికి నాలుగు రోజుల్లో బొబ్బ ఎట్లా లేచిందన్నది నాకు అంతుపట్టలేదు, వదిలెయ్యబుద్ధీ కాలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఏడు కామలు చెక్కాను. రెండు పాడయ్యాయి, ఐదు వాడకంలో ఉన్నాయి.

చెక్కుతూ చెక్కుతూ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది, అది చెబుదామనే ఇదంతా. కామ అనేది దాన్ని పట్టే చేతికి సరిపోవాలి. అట్లా సరిపోవడాన్ని మనం సుఖం కింద, తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట కింద లెక్కేసి పక్కన పెడుతున్నాం, అది చాలా తప్పు. చేతికి పట్టని కామ ఉన్న గొడ్డలి సగం చేసి వదిలేసిన గొడ్డలి. మిగతా సగం పని కొన్నవాళ్ళ మీద పడిందని అమ్మేవాళ్ళు చెప్పరు. ఒకప్పుడు చెప్పక్కర్లేదు, ఇంటికి తెచ్చుకున్నాక అందరూ ఎట్లాగూ చెక్కుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ అలవాటు పోయింది, సగం గొడ్డలినే పూర్తి గొడ్డలి అనుకుని వాడుతున్నాం.

కామ అన్న మాట నాకు చాలా ఇష్టం. గొడ్డలికి కామ, పారకి కామ, గొడుక్కి కూడా కామే. తమిళంలో కాంబు, కన్నడంలో కావు, మనకి కామ, మూడూ ఒక్క ఇంటి మాటలే. తమిళులు పువ్వు తొడిమని కూడా కాంబు అంటారు. కన్నడంలో 'కొడలి కావు కులక్కె మృత్యు' అని సామెత ఉంది, అంటే గొడ్డలి కామ తన కులానికే చావు తెస్తుందని. చెట్టులోంచి వచ్చిన కర్రే చెట్లని కొట్టడానికి సాయం చేస్తుందని కామని నిందించే సామెత అది. కానీ ఇంకో వైపునుంచి చూడండి, కామ లేకపోతే ఇనుము ఒక్కటీ చెట్టుని ఏమీ చెయ్యలేదని ఆ సామెత పుట్టించినవాళ్ళకి బాగా తెలుసు. గొడ్డలి కొనేటప్పుడు మనం ఇనుమునే చూస్తాం. గోటితో మీటి చప్పుడు వింటాం, అంచు మీద వేలు పెడతాం. కామని చూసేవాళ్ళని నేను పెద్దగా చూడలేదు.

సరే, గుండ్రటి కామతో ఇబ్బంది ఏమిటి. కళ్ళు మూసుకుని ఒక గుండ్రటి కర్ర పట్టుకుని దానికి అంచు ఎటు వైపుందో చెప్పమంటే చెప్పలేరు, చేతికి అన్ని వైపులా ఒకేలా తగులుతుంది. అదే కోడిగుడ్డుని నిలువునా కోసినట్టు, ముందు కాస్త సన్నగా వెనక కాస్త వెడల్పుగా ఉన్న కామ పట్టుకుంటే, కళ్ళు మూసుకున్నా, చీకట్లో అయినా, అంచు ఎటు చూస్తోందో అరచేతికే తెలుస్తుంది. కొట్టేటప్పుడు మనం చూసేది కర్రని, గొడ్డలిని కాదు కదా. గొడ్డలి వాటం చేతికి తెలియాల్సిందే.

ఇంకోటి, దెబ్బ ప్రతిసారీ నిటారుగా పడదు. కొంచెం పక్కగా పడ్డప్పుడు గొడ్డలి తల మెలితిరగాలని చూస్తుంది. కోలగా ఉన్న కామ అరచేతిలో ఆనుకుని ఆ మెలికని ఆపుతుంది. గుండ్రటిది ఆపదు, గిర్రున తిరుగుతుంది, అది తిరక్కుండా మనం పిడికిలి బిగిస్తాం. బిగించి, తిరిగి, మళ్ళీ బిగించి, ఆ రాపిడికే బొటనవేలి మొదట్లో బొబ్బ. పైగా వార్నిష్. చెమట పట్టిన చేతిలో వార్నిష్ వేసిన కర్ర జారుతుంది, జారితే ఇంకా బిగిస్తాం. పావుగంటకి ముంజేయి నెప్పెడుతుంది, నెప్పెట్టిన చెయ్యి గురి తప్పుతుంది. చేతిగొడ్డలితో గురి తప్పితే దెబ్బ పడేది కర్రని పట్టుకున్న ఎడమచేతి మీదో మోకాలి కింద ఎముక మీదో. అందుకే దీన్ని సుఖం సంగతి అని ఎవరన్నా అంటే నాకు కోపం వస్తుంది. మా వీధిలోనే చూపుడువేలి చివర లేని ఆడవాళ్ళు ఇద్దరున్నారు.

ఇక లావు. అమ్మకి తెచ్చిన కామ అడ్డుకొలత 38 మిల్లీమీటర్లు, చుట్టూ దారం పెట్టి కొలిస్తే దాదాపు 12 సెంటీమీటర్లు. అమ్మ పిడికిలి పడితే వేళ్ళ చివర్లకీ అరచేతికీ నడుమ రెండు వేళ్ళ ఖాళీ. పిడికిలి ముయ్యకుండా పట్టిన దేన్నైనా వేళ్ళ కొసలతో పట్టుకోవాల్సి వస్తుంది, అరచేయి పట్టు దొరకదు. వేళ్ళ కొసలతో ఎంతసేపని పట్టుకుంటారు?

లావుగా ఉంటేనే గట్టి, సన్నగా చెక్కితే విరుగుతుంది అని మా ఇంట్లో కూడా అన్నారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. గుండ్రటి కర్రని 38 నుంచి 30 మిల్లీమీటర్లకి తగ్గిస్తే వంగకుండా నిలిచే బిగువు నలభై శాతానికి పడిపోతుంది, విరగకుండా ఆగే బలం సగమవుతుంది. లెక్క అది, కాదనలేం. కానీ ఆ బిగువు మనకి అంత ఎందుకు? అడుగుమీద కొంచెం ఉండే కామ, ఒంటిచేత్తో కొట్టే గొడ్డలి. బాగా బిగుసుగా ఉన్న లావు కర్ర దెబ్బ అదురునంతా తిన్నగా మణికట్టుకి తెచ్చి పెడుతుంది, కాస్త వంగే కర్ర కొంత తనలోనే తీసుకుంటుంది. మంచి కర్రలో సగం బలం కూడా ఈ పనికి ఎక్కువే. చెడ్డ కర్ర ఎంత లావున్నా విరుగుతుంది. అమ్మ పాత కామ విరిగిన చోట చూశాను, అది పెద్ద లావుదే, కానీ దానిలో నార కర్ర వెంట సాగకుండా ఏటవాలుగా పక్కకి బయటికి పోయింది. ఆ ఏటవాలునే సర్రున చీలి విరిగింది.

ఇక్కడ మా వడ్రంగి బాబాయి గురించి చెప్పాలి. చుట్టరికం లేదు, ఊరి వరసలో బాబాయి. ఒకప్పుడు బండి చక్రాలు చేసినాయన, ఇప్పుడు తలుపులూ దర్వాజాలూ మిషన్ మీద చేస్తాడు. అమ్మ గొడ్డలి తీసుకెళ్ళి, దీని కామ కొంచెం సన్నగా చెక్కి పెట్టు బాబాయ్ అన్నాను. ఆయన గొడ్డలిని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టి, "మీ అమ్మని తీసుకురామ్మాయ్. చెయ్యి లేకుండా కామ ఎట్టా చెక్కమంటావ్?" అన్నాడు.

అమ్మ వచ్చింది. చెయ్యి చాపమన్నాడు. దారం తీసుకుని, అమ్మ బొటనవేలి కొసనీ నడిమివేలి కొసనీ కలిపించి, ఆ గుండ్రం లోపలి చుట్టు కొలిచి, దాన్లోంచి కొంత తగ్గించి ముడేశాడు. ఆ ముడి తర్వాత నేను స్కేలు మీద పెట్టి చూస్తే తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు ఉంది. నేను కొన్నదానికీ దీనికీ మూడు సెంటీమీటర్ల తేడా. ఆ మూడు సెంటీమీటర్లే అమ్మ నలభై ఏళ్ళ కష్టంలో ఎంత భాగమో అనిపించింది నాకు. అమ్మ మాత్రం బాబాయి కొట్లో ఉన్న మంచం కోళ్ళ ధర అడుగుతోంది.

కొన్న కామని చెక్కడం వద్దన్నాడు బాబాయి, అది ఏ కర్రో కూడా తెలియట్లేదు, నార ఏటవాలుగా ఉంది, కొత్తది చేద్దామన్నాడు. చేద్దాం అంటే నన్ను చెయ్యమని. తను చెబుతాడు. నాకు అప్పటికి కర్ర చెక్కే బాడిస పట్టుకోవడమే రాదు.

కర్ర దగ్గరే సగం పని అయిపోతుంది, లేదా అక్కడే చెడుతుంది. మా వైపు కామకి మొదటి మాట నల్లతుమ్మ. చెరువు గట్ల మీద పెరిగేది, ఎండితే ఘనమీటరుకి 800 కిలోల దాకా తూగే కర్ర, అమెరికావాళ్ళు గొడ్డలి కామలకి గొప్పగా చెప్పుకునే హికరీ కూడా ఇంచుమించు అంతే బరువు. అడవి వైపు వాళ్ళకి నల్లమలలో చిరుమాను దొరుకుతుంది, సాగుడు గుణం ఉన్న గట్టి కర్ర, బండి ఇరుసులకి వాడేవాళ్ళు. చింత కూడా మంచిదే. టేకు మాత్రం వద్దు. టేకు తలుపుకి రాజు, దెబ్బకి మాత్రం ఆగదు, నార పొడుగునా తేలిగ్గా చీలుతుంది. సరుగుడు కర్ర తిన్నగా ఉంటుంది కదా అని నేను ఒకసారి ఆశపడ్డాను, ఎండేటప్పుడే నిలువునా నెర్రెలు పడింది. అమ్మ రోజూ కొట్టే కంపతుమ్మ, అదే సర్కారు తుమ్మ, దాని కర్ర కూడా గట్టిదే, ఎండినప్పుడు పెద్దగా వంకర్లు పోదు, కానీ రెండడుగులు తిన్నగా ఉన్న ముక్క దొరకడమే కష్టం. 1870ల్లో మన కడప జిల్లా కమలాపురంలో నాటిన ఆ పరాయి చెట్టు ఇవాళ సీమ నుంచి పల్నాడు దాకా పొయ్యిల కిందికి వచ్చిందంటే, దాన్ని ఇన్ని తరాలుగా కొడుతున్న చేతులు ఎన్నో, వాటికున్న కామలు ఎట్లాంటివో అని ఆలోచిస్తుంటాను.

కర్రని కోయకూడదు, చీల్చాలి. రంపం గీత ఎటు గీస్తే అటు పోతుంది, నారని పట్టించుకోదు. చీలిక నార వెంటే పోతుంది. మొద్దుని గొడ్డలితో నిలువునా చీల్చి, ఆ చీలిన ముఖం తిన్నగా వచ్చిందంటే లోపల నార తిన్నగా ఉన్నట్టు, మెలి తిరిగి వచ్చిందంటే ఆ ముక్క పొయ్యిలోకి. మిల్లులో కోసిన చెక్కలోంచి చేసిన కామలకి ఈ పరీక్షే లేదు, అందుకే దుకాణంలో పది కామలు ఏరితే రెండో మూడో మాత్రమే నార తిన్నగా ఉన్నవి దొరుకుతాయి. చలిదేశాలవాళ్ళు హికరీ, యాష్ కర్రల్లో ఏడాది వలయాలు ఎటు తిరిగి ఉండాలని గంటలు గంటలు వాదించుకుంటారు. మన తుమ్మలో ఆ వలయాలు అంత స్పష్టంగా కనపడవు, మనం చూడాల్సింది నార వాటమే.

చేవ గురించి కూడా ఒక మాట. చేవ కర్రే, అంటే మాను నడిమి ముదురు కర్రే కావాలి, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క పనికిరాదు అంటారు మన పెద్దలు. అమెరికాలో దీనికి తిరగేసి తెల్ల హికరీయే గొప్పది, చేవ ఉన్న ఎర్రది తక్కువది అని చాలాకాలం నమ్మారు. అక్కడి ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో పరీక్షిస్తే ఒకే బరువున్న ఎర్రదానికీ తెల్లదానికీ బలంలో తేడా కనపడలేదు. మన తుమ్మలో తెల్లచెక్కకి ఉన్న గొడవ పురుగు. దాన్లో పిండిపదార్థం ఉంటుంది, పురుగు దానికోసం వస్తుంది. పూర్వం తుమ్మ మొద్దుల్ని నెలల తరబడి చెరువు నీళ్ళలో ముంచి ఉంచేది అందుకే, ఆ పిండి కరిగి పోవాలని. బాబాయి చక్రాల కర్రని అట్లాగే నానేసేవాడట. నేను చేవనే ఎంచుకున్నాను, కాకపోతే తెల్లచెక్క కాస్త తగిలితే కామ పారెయ్యాల్సిన పనేమీ లేదు.

చీల్చిన ముక్కకి రెండు కొసలా పేడ మెత్తి అటక మీద నీడలో పడేశాం. కర్ర కొసలనుంచే తొందరగా ఆరుతుంది, ఆ తొందరకే చీలుతుంది, అందుకని పేడ. ఆరు నెలలు. ఈ ఆరు నెలల దగ్గరే చాలామంది ఆగిపోతారని నాకు తెలుసు. పచ్చి కర్రతో ఇవాళే కామ వేసుకుంటారు, నెలకి వదులవుతుంది, చీలమీద చీల కొడతారు.

ఇక చెక్కుడు. ముందు బాడిసతో నాలుగు పలకలు, తర్వాత ఆ నాలుగు మూలలూ కొట్టేస్తే ఎనిమిది పలకలు, ఆ తర్వాతే గుండ్రం చెయ్యడం. తిన్నగా గుండ్రానికి పోతే ఎక్కడ ఎంత తీశామో లెక్క తప్పుతుంది. బాడిస తర్వాత మొరటు ఆకురాయి, తర్వాత పగిలిన గాజుపెంకు. గాజుపెంకు గొప్ప పనిముట్టు. సీసా పెంకు అంచుతో గీకితే ఉల్లిపొర లాంటి పొట్టు లేస్తుంది, గరుకు కాగితం పది నిమిషాల్లో చేసేది అది రెండు నిమిషాల్లో చేస్తుంది, దుమ్ము లేవదు. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, పట్టుకునే వైపు అంచుని రాయి మీద అరగదీయండి, ఇది తప్పకుండా చెయ్యండి.

మొదటి కామని నేను పాడుచేశాను. సన్నగా ఉండాలి, సన్నగా ఉండాలి అని బుర్రలో పెట్టుకుని, గొడ్డలి తలకి ఆనుకుని ఉండే మెడ దగ్గర కూడా సన్నగా చేసేశాను. మెడ దగ్గర చెయ్యి ఉండదు, అక్కడ సన్నగా ఉండి ఒరిగేదేమీ లేదు. దెబ్బ భారమంతా పడేది అక్కడే. రెండో వారంలో విరిగింది, తల ఎగిరి గోడకి తగిలింది, పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి మెడ దగ్గర గొడ్డలి తలలోని బెజ్జానికి సరిపడా నిండుగా ఉంచి, కిందికి వస్తూ వస్తూ సన్నం చేసి, చెయ్యి పట్టే చోట అన్నిటికన్నా సన్నగా, చివర్లో మళ్ళీ ఉబ్బుగా చేస్తున్నాను. ఆ చివరి ఉబ్బు చిటికెనవేలికి ఆనాలి. అది ఆనితే గొడ్డలి చేతిలోంచి జారిపోదని చేతికే ధైర్యం వస్తుంది, పిడికిలి దానంతటదే సడలుతుంది. సడలిన పిడికిలితో కొట్టిన దెబ్బ ఎంత లోతుకి దిగుతుందో చూస్తేగానీ నమ్మలేం. అమ్మ కామ ఇప్పుడు చెయ్యి పట్టే చోట 34 మిల్లీమీటర్లు ఒక వైపు, 24 ఇంకో వైపు. ఈ అంకెలు మీరు తీసుకోవద్దు, అవి అమ్మవి.

రెండో కామ దాదాపు కుదిరింది. దాదాపు అంటే, అమ్మ "బానే ఉందే" అంటోంది గానీ ఎక్కడో ఒత్తుతోంది, ఎక్కడో తను చెప్పలేకపోతోంది. మా వైపు ఆడవాళ్ళకి పనిముట్టు బాగాలేదని చెప్పే అలవాటు లేదు, తప్పు తమ చేతిదే అనుకుంటారు. ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే వచ్చి నీళ్ళపొయ్యికి నాలుగు కర్రలు కొట్టింది. గొడ్డలి కింద పెట్టాక చూద్దును గదా, కామ మీద తెల్లటి ముగ్గుపిండి మచ్చలు, అరచెయ్యి ఆనిన చోటల్లా. నిండుగా ఆనాల్సిన చోట అసలు మచ్చే లేదు. వెనక వైపు మధ్యలో ఒక చిన్న గీతలా మాత్రం పిండి దట్టంగా అంటుకుంది. చేత్తో తడిమితే నాకు తెలియలేదు, కానీ అక్కడ సన్నటి మిట్ట ఉంది, చెయ్యి బరువంతా ఆ మిట్ట మీదే పడుతోంది. గాజుపెంకుతో ఆరేడుసార్లు గీకాను. మళ్ళీ పిండి అద్దుకుని పట్టుకోమన్నాను. మళ్ళీ గీకాను. నాలుగోసారికి మచ్చ అరచేయంతా పరుచుకుంది. అమ్మ ఏమీ అనలేదు, కర్రలు కొడుతూనే ఉంది, పొయ్యికి కావాల్సినవి అయిపోయినా కొడుతూనే ఉంది.

ఇప్పుడు ఎవరికి కామ చేసినా ముగ్గుపిండి పెట్టే చూస్తాను. నా కళ్ళకన్నా, నా చేతికన్నా అదే నయం.

తల తొడగడం గురించి ఊళ్ళల్లో ఒక పాడు అలవాటుంది, దాని మీద నాకు గట్టి పేచీ ఉంది. గొడ్డలి వదులైతే రాత్రంతా నీళ్ళతొట్టిలో పడేస్తారు. పొద్దునకి బిగుస్తుంది, నిజమే. కర్ర నీళ్ళు తాగి ఉబ్బుతుంది, కానీ చుట్టూ ఇనుము ఉంది, ఉబ్బడానికి చోటు లేదు, అందుకని లోపలి నార తనలో తనే నలిగిపోతుంది. ఎండాక ఆ నలిగిన నార మళ్ళీ పాత లావుకి రాదు. ముందుకన్నా ఎక్కువ వదులవుతుంది, మళ్ళీ నానేస్తారు, ఏడాదికి బెజ్జంలో ఉన్న కర్ర పీచు పీచవుతుంది. తల ఊడి ఎగిరేది అప్పుడే. కర్ర పొడుగునా కుంచించుకోదు, అడ్డంగానే కుంచించుకుంటుంది, ఇది గుర్తుంటే పరిష్కారం తేలిక. బాగా ఎండిన కర్రని, వీలైతే మే నెల ఎండల్లో, మా దగ్గర 43 డిగ్రీలు కాసే రోజుల్లో తొడగండి. కర్ర అప్పటికి ఎంత కుంచించుకోవాలో అంతా కుంచించుకుని ఉంటుంది. వానాకాలం వస్తే బిగుస్తుందే తప్ప వదులవ్వదు.

తొడిగేటప్పుడు గొడ్డలి తలని నేలకేసి కొట్టక్కర్లేదు. కామని తలకిందులుగా, తల కిందికి వేలాడేట్టు గాల్లో పట్టుకుని, పైకి వచ్చిన కామ చివర మీద చెక్క సుత్తితో కొట్టండి. తల బరువు కాబట్టి ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, కామ అందులోకి దిగుతూ పోతుంది. ఒక్కో దెబ్బకి గొడ్డలి తల కర్ర మీద ఎగబాకుతుంటే మొదటిసారి చూసినవాళ్ళకి వింతగా ఉంటుంది. ముందుగానే కామ పై కొసన బెజ్జం లోతులో మూడింట రెండొంతులు రంపంతో గాటు పెట్టి ఉంచాలి, అందులో ఎండిన తుమ్మ చీల దిగ్గొట్టాలి. ఇనప మేకులు కొట్టకండి, అవి నారని చీలుస్తాయి, తర్వాత కామ మార్చాలంటే నరకం.

పైన పూతకి నేను వాడేది అవిసె నూనె ఒక్కటే. ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే కర్ర మీద నూగు లేస్తుంది, దాన్ని సన్న గరుకు కాగితంతో తీసేసి, అప్పుడు పల్చగా నూనె. కొబ్బరినూనె, వేరుశనగ నూనె ఆరవు, జిడ్డుగానే ఉంటాయి. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది, కర్రకి అంటిపెట్టుకుని ఉంటుంది, చేతికి కర్ర కర్రలాగే తగులుతుంది. ఒక జాగ్రత్త: ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యొద్దు. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. పరిచి ఆరేసి, తర్వాత పారెయ్యండి.

ఇదంతా విన్న మా తమ్ముడు, ఇప్పుడు ఫైబర్ కామలు వస్తున్నాయి కదక్కా, విరగవు, నానవు, పురుగు పట్టదు, ఎందుకీ తిప్పలన్నాడు. వాడు చెప్పిన గుణాలన్నీ నిజమే, పొలంలో వానలో పడేసే పెద్ద గొడ్డలికి అవి మంచివే అని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఫైబర్ కామని గాజుపెంకుతో గీకి అమ్మ చేతికి సరిచెయ్యగలమా? అచ్చులో ఎవరి చెయ్యి కొలత పెట్టి పోశారో ఆ చేతికే అది. ఆ చెయ్యి దాదాపు ఎప్పుడూ మగవాడిదే. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థవాళ్ళు మన దేశంలో వ్యవసాయం చేసే ఆడవాళ్ళ, మగవాళ్ళ ఒంటి కొలతలు విడివిడిగా, చేతి కొలతలతో సహా తీసి 2009లో పుస్తకంగా వేశారు. పనిముట్లు ఆ కొలతలకి తగ్గట్టు చెయ్యాలనే వాళ్ళ ఉద్దేశం. చెక్క పిడులకి ఐఎస్ 620 అని భారతీయ ప్రమాణం కూడా ఉంది. ఇంత ఉన్నా మా బజార్లో నేను తిరిగిన ఐదు దుకాణాల్లో ఆడవాళ్ళ చేతికి సన్న కామ ఉందా అంటే, ఆడవాళ్ళు గొడ్డలి ఎందుకు కొంటారమ్మా అన్నారు. కొనేది మగవాళ్ళే కావచ్చు. మా వీధిలో పొద్దున్నే నీళ్ళపొయ్యికి కర్రలు కొట్టే శబ్దం వచ్చే ప్రతి ఇంట్లోనూ ఆ గొడ్డలి ఆడవాళ్ళ చేతుల్లో ఉంటుంది. గ్యాస్ వచ్చింది, నిజమే, వంట గ్యాస్ మీదే. నీళ్ళు కాచుకునేది, పశువుల దాణా ఉడికించేది ఇప్పటికీ కంపతోనే.

చేతులు కాయలు కాస్తే అన్నీ అలవాటవుతాయి అనే మాట కూడా చాలా విన్నాను. కాయ కాయడమంటే చర్మం దెబ్బ తిని తిని తనని కాపాడుకోవడం. దాన్ని మనం అలవాటు అని పేరు పెట్టి, ఆ చేతికి మొరటు కర్ర ఇవ్వడానికి సాకుగా వాడుతున్నాం. పెన్ను చేతికి సరిపోకపోతే వేరే పెన్ను కొంటాం, చెప్పు కరిస్తే మార్చేస్తాం. కర్రలు కొట్టే చెయ్యికి మాత్రం ఓర్చుకోమని చెబుతాం. నేనూ సంక్రాంతి రోజు అమ్మకి చెప్పింది అదేగా, అలవాటవుతుందిలే అని. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

మీ ఇంట్లో గొడ్డలో పారో ఉంటే, కొత్త కామ దాకా పోనక్కర్లేదు, ముందు ఆ వార్నిష్ గీకెయ్యండి. అరగంట పని. తర్వాత రెండు పక్కలా కొంచెం కొంచెం తీసి గుండ్రాన్ని కోల చెయ్యండి, ముందూ వెనకా ముట్టుకోకండి. అది రోజూ పట్టేవాళ్ళ చేత పట్టించి చూడండి, మీ చేత్తో చూసుకుంటే లాభం లేదు. ఎక్కువ తీసేస్తామేమో అని భయంగా ఉంటే తక్కువ తీసి ఒక వారం వాడనివ్వండి, మళ్ళీ తియ్యొచ్చు.

పోయిన దసరాకి ఊరెళ్తే పక్కింటి అత్త తన గొడ్డలి పట్టుకుని వచ్చింది. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్‌లో పడి ఆమె కుడి చిటికెనవేలు వంగదు. ఉంగరపు వేలూ సగమే వంగుతుంది. "నా చేతికి కూడా అవుద్దంటావా అమ్మాయ్, పిండి పెట్టి చూస్తావంట కదా" అంది. బాబాయి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దారంతో కొలవబోయి ఆగి, తడి బంకమట్టి ముద్ద తెచ్చి ఆమె చేతిలో పెట్టి, గొడ్డలి పట్టుకున్నట్టు పట్టుకోమన్నాడు. ఆ మట్టి అచ్చు ఎండబెట్టి దాచాను. చివర ఉబ్బు చిటికెనవేలికి ఆనదు కాబట్టి ఇంకొంచెం పైకి, నడిమివేలి కింద రావాలి, వెనక వైపు అరచేతి గుంటలోకి మిట్ట కావాలి. అట్లాంటి కామ బాబాయి కూడా ఎప్పుడూ చెయ్యలేదట. చీల్చిన తుమ్మ ముక్క పేడ మెత్తి మా అటక మీద ఉంది. ఏప్రిల్‌కి ఆరుతుంది.